సోడియం ఎలక్ట్రాన్‌ను వదిలితే శక్తి వస్తుందా, ఖర్చవుతుందా?

ప్రశ్న: దేవరకొండ ట్యూషన్ మాస్టారు

అందరికీ నమస్కారం. దేవరకొండ దగ్గర ఒక ఊరిలో సాయంత్రం పూట తొమ్మిది, పది తరగతుల పిల్లలకు గణితం, భౌతిక రసాయన శాస్త్రం చెబుతుంటాను. నేను బీయస్సీ చదివి పంతొమ్మిదేళ్లు దాటింది, అదీ గణితం ప్రధానంగా. కాబట్టి రసాయన శాస్త్రంలో లోతైన ప్రశ్న ఎదురైతే తడబడుతున్న మాట నిజం.

మొన్న రసాయన బంధం పాఠంలో, సోడియం తన చివరి కక్ష్యలోని ఒక్క ఎలక్ట్రాన్‌ను క్లోరిన్‌కు ఇచ్చి, నియాన్ విన్యాసం పొంది స్థిరపడుతుందని నల్లబల్ల మీద బొమ్మ వేసి చెప్పాను. వెనక వరుసలో కూర్చునే ఒక అమ్మాయి లేచి, "సార్, గుట్ట మీది రాయి కిందికి దొర్లి ఆగినట్టు, ఏ వస్తువైనా శక్తిని పోగొట్టుకునే స్థిరపడుతుందని పోయిన వారం మీరే చెప్పారు. అలాంటప్పుడు సోడియం ఎలక్ట్రాన్‌ను వదిలి స్థిరపడితే శక్తి బయటికి రావాలి కదా, మరి పుస్తకంలో అయనీకరణ శక్తి 496 కిలోజౌళ్లు మనమే ఇవ్వాలని ఎందుకు ఉన్నది?" అని అడిగింది. సుద్దముక్క చేతిలో పట్టుకుని కాసేపు నిలబడి, రేపు చెబుతానన్నాను. ఆ రేపు వచ్చి మూడు రోజులైంది.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. క్లోరిన్ ఎలక్ట్రాన్ ఎఫినిటీని, అంటే అది ఎలక్ట్రాన్‌ను తీసుకున్నప్పటి శక్తి విలువను, ఒక పుస్తకంలో +349 అనీ, మరొక పుస్తకంలో −349 అనీ చూశాను. ఏది సరైనదో, పిల్లలకు ఏది చెప్పాలో తెలిసినవారు వివరించగలరు.

జవాబు: మిర్యాలగూడ, విశ్రాంత ఉపన్యాసకుడు

మాస్టారు గారూ, ముందుగా ఆ అమ్మాయికి ఒక మాట చెప్పండి: తప్పు ఆమె ఆలోచనలో లేదు, మనం చెప్పే కథలో ఉన్నది. ఇంటర్మీడియట్ పిల్లలకు ముప్పయ్యేళ్లు పాఠం చెప్పిన నేను కూడా మొదటి నాలుగైదేళ్లు అదే కథ చెప్పినవాణ్ణే.

ఏ మూలకమైనా సరే, వాయుస్థితిలో ఒంటరిగా ఉన్న పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడదీయాలంటే మనం శక్తి ఇవ్వవలసిందే. దీనికి ఒక్క మూలకం కూడా మినహాయింపు కాదు. ఎలక్ట్రాన్‌ది ఋణావేశం, కేంద్రకానిది ధనావేశం, కాబట్టి ఎలక్ట్రాన్ కేంద్రకపు ఆకర్షణలో బావిలోని చేద లాగా ఉంటుంది. నీళ్లు పైదాకా ఉన్న బావిలో చేద తేలికగా వస్తుంది, అడుగంటిన బావిలో చేతులు పడిపోతాయి. అంతే తప్ప, ఏ బావిలోనూ చేద దానంతట అది పైకి రాదు. సీజియంలో ఆ బావి లోతు మోల్‌కు 376 కిలోజౌళ్లు, సోడియంలో 496, హీలియంలో 2372. "సోడియం ఎలక్ట్రాన్‌ను సులభంగా ఇస్తుంది" అన్న మాటకు మిగతావాటితో పోలిస్తే తక్కువ ఖర్చుతో ఇస్తుందని మాత్రమే అర్థం. ఆ "పోలిస్తే" అన్న మాటను మనం మింగేస్తాం, పిల్లలకు మిగిలేది సోడియం సంతోషంగా దానం చేస్తుందనే భావన.

ఇప్పుడు క్లోరిన్ వైపు చూద్దాం. వాయుస్థితిలోని క్లోరిన్ పరమాణువు ఎలక్ట్రాన్‌ను తీసుకుంటే మోల్‌కు 349 కిలోజౌళ్లు బయటికి వస్తాయి. మూలకాలన్నింటిలో ఇదే ఎక్కువ. అయితే సోడియం దగ్గర 496 ఖర్చు పెట్టి క్లోరిన్ దగ్గర 349 రాబట్టుకుంటే ఇంకా 147 లోటు. పోనీ సోడియానికి బదులు, అందరికంటే తక్కువ ఖర్చుతో ఇచ్చే సీజియాన్ని, అందరికంటే ఎక్కువ రాబడి ఇచ్చే క్లోరిన్‌తో జత చేసినా 376 ఖర్చుకు 349 రాబడి, అంటే 27 లోటే. ఆవర్తన పట్టిక అంతా గాలించినా, దూరదూరంగా ఉన్న రెండు పరమాణువుల మధ్య ఎలక్ట్రాన్ చేతులు మారితే లాభం తేలే జత ఒక్కటి కూడా దొరకదు. నాకు ఈ సంగతి తెలిసిన రోజున నిజంగానే ఆశ్చర్యపోయాను, ఎందుకంటే అప్పటిదాకా నేను చెప్పిన పాఠమంతా దీనికి అడ్డంగా ఉన్నది.

మరి ఉప్పు ఎలా తయారవుతున్నది? లాభం ఎలక్ట్రాన్ మార్పిడిలో లేదు, ఆ తరువాత ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న ధనాయాను, దానిని తీసుకున్న ఋణాయాను దగ్గరికి వచ్చి ఒకదానినొకటి పట్టుకోవడంలో ఉన్నది. ఒక్కొక్క సోడియం అయాను చుట్టూ ఆరు క్లోరైడ్ అయానులు, ఒక్కొక్క క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియం అయానులు చేరి స్ఫటికం కట్టినప్పుడు మోల్‌కు సుమారు 787 కిలోజౌళ్లు విడుదలవుతాయి. దీనినే జాలక శక్తి అంటాము.

కిరాణా దుకాణం ఖాతా పుస్తకంలో రాసినట్టు మొత్తం జమాఖర్చు వేయించండి. ఘన సోడియాన్ని విడివిడి పరమాణువుల ఆవిరిగా మార్చడానికి 108, క్లోరిన్ అణువును విడగొట్టి ఒక పరమాణువు తీయడానికి 121, సోడియం అయనీకరణకు 496. మొత్తం ఖర్చు 725. క్లోరిన్ ఎలక్ట్రాన్‌ను తీసుకున్నందుకు 349, జాలకం కట్టినందుకు 787. మొత్తం జమ 1136. మిగులు 411. ప్రయోగశాలలో సోడియంను క్లోరిన్‌లో మండించి ఉష్ణాన్ని కొలిస్తే వచ్చే అంకె కూడా ఇదే. 1919లో మాక్స్ బార్న్, ఫ్రిట్జ్ హేబర్ ఈ లెక్కకు దారి చూపారు కాబట్టి దీనిని బార్న్-హేబర్ వలయం అంటారు. పదో తరగతికి ఆ పేరు అక్కరలేదు గాని, ఈ కూడికలు, తీసివేతలు ఐదో తరగతి పిల్లవాడు కూడా చేయగలడు.

చివరి కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్లు ఉంటే పరమాణువు స్థిరపడుతుందనే అష్టక నియమం తప్పని నేను అనడం లేదు. ఎలక్ట్రాన్ల బదిలీ ఎక్కడ ఆగుతుందో అది సరిగ్గానే చెబుతుంది. ఎందుకు మొదలవుతుందో చెప్పదు.

జవాబు: మహబూబ్‌నగర్, ఎమ్మెస్సీ విద్యార్థిని

సార్ చెప్పినదానికి గుర్తుల సంగతి చేరుస్తాను, ఎందుకంటే ప్రవేశ పరీక్షల్లో మా మిత్రబృందం మార్కులు పోగొట్టుకున్నది అక్కడే.

మాస్టారు గారు చూసిన రెండు పుస్తకాలూ తప్పు కావు. "ఎలక్ట్రాన్ ఎఫినిటీ" అన్న పాత పద్ధతిలో విడుదలైన శక్తి పరిమాణాన్ని ధన సంఖ్యగా రాస్తారు, అందుకే +349. ఉష్ణగతిక శాస్త్రం పద్ధతిలో, ఎలక్ట్రాన్‌ను గ్రహించేటప్పటి ఎంథాల్పీ (ఉష్ణశక్తి) మార్పుగా రాస్తే, వ్యవస్థ నుంచి శక్తి బయటికి పోయింది కాబట్టి −349. ఒకే సంఘటనను ఒకరు పుచ్చుకున్నవాడి వైపు నుంచి, మరొకరు ఇచ్చినవాడి వైపు నుంచి రాసుకున్నారు. ఏ పేరు వాడుతున్నారో చూసి గుర్తు చదువుకుంటే గందరగోళం ఉండదు. పిల్లలకు మాత్రం గుర్తు కంటే ముందు "విడుదలైంది", "ఇవ్వవలసి వచ్చింది" అన్న మాటలతో చెప్పడమే మంచిదని నా అభిప్రాయం.

అయనీకరణకు మినహాయింపు లేకపోయినా, ఎలక్ట్రాన్‌ను తీసుకోవడంలో మాత్రం మినహాయింపులు చాలానే ఉన్నాయి. జడవాయువులు, మెగ్నీషియం వంటివి అదనపు ఎలక్ట్రాన్‌ను పట్టి ఉంచుకోలేవు. ఆక్సిజన్ కథ ఇంకా చిత్రమైనది. మొదటి ఎలక్ట్రాన్‌ను తీసుకున్నప్పుడు 141 కిలోజౌళ్లు విడుదల చేస్తుంది. రెండవదానిని తీసుకోవాలంటే, అప్పటికే ఋణావేశంతో ఉన్న అయాను దగ్గరికి మరొక ఋణావేశాన్ని నెట్టాలి కాబట్టి, సుమారు 744 కిలోజౌళ్లు మనమే ఇవ్వాలి. అంటే ఆక్సైడ్ అయాను తయారీకి మొత్తం మీద దాదాపు 603 ఖర్చు. "ఆక్సిజన్ రెండు ఎలక్ట్రాన్లు తీసుకుని స్థిరపడుతుంది" అని మనం ఎంత ధీమాగా చెబుతామో గుర్తు చేసుకోండి.

ఇక ఫ్లోరిన్ విలువ 328, క్లోరిన్ విలువ 349. గ్రూపులో కిందికి పోతున్నకొద్దీ తగ్గవలసినది ఇక్కడ పెరిగింది. ఫ్లోరిన్ పరమాణువు మరీ చిన్నది. అప్పటికే ఏడు ఎలక్ట్రాన్లు ఇరుక్కుని కూర్చున్న కక్ష్యలోకి ఎనిమిదవది వస్తే వికర్షణ ఎక్కువ. అందువల్ల ఫ్లోరిన్ కంటే క్లోరినే ఎలక్ట్రాన్‌ను బలంగా లాక్కుంటుందని గుర్తు పెట్టుకోవచ్చు.

తిరిగి ప్రశ్న: దేవరకొండ ట్యూషన్ మాస్టారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. జమాఖర్చు పట్టికను నిన్న నల్లబల్ల మీద వేశాను. 147 లోటు దగ్గర అందరూ నిశ్శబ్దమయ్యారు, 411 మిగులు తేలినప్పుడు మాత్రం చప్పట్లు కొట్టారు. అయితే ఇప్పుడు మరి రెండు సందేహాలు వచ్చాయి.

మొదటిది: స్ఫటికం కట్టడంలోనే లాభం ఉంటే, సోడియం రెండు ఎలక్ట్రాన్లు వదిలి ఇంకా బలమైన స్ఫటికం ఎందుకు కట్టకూడదు? మెగ్నీషియం రెండు వదులుతున్నది కదా. రెండవది ఒక అబ్బాయి అడిగింది: ఇంట్లో ఉప్పు వేసిన పప్పు పొంగి గ్యాసు పొయ్యి మీద పడినప్పుడు నీలం మంట పసుపురంగుకు మారుతుంది, అది సోడియం నుంచి ఎలక్ట్రాన్ ఊడిపోవడమేనా?

జవాబు: జడ్చర్ల, బోరు బండి

నేను రసాయన శాస్త్రంలో పట్టభద్రుణ్ణి, ప్రస్తుతం మా మేనమామ గారి బోరు బండి లెక్కలు చూస్తున్నాను, కాబట్టి మొదటి సందేహానికి నా వృత్తి భాషలోనే జవాబిస్తాను.

మా ప్రాంతంలో బోరు వేసేటప్పుడు పైన ఎర్రమన్ను, ఆ కింద మొరం ఉన్నంతవరకు బిట్టు చకచకా దిగుతుంది. ఒక్కసారి గట్టిరాయి తగిలిందంటే శబ్దమే మారిపోతుంది, డీజిల్ ఖర్చు పెరుగుతుంది, పక్కన నిలబడిన రైతు ముఖం వాడిపోతుంది. పరమాణువులో ఎలక్ట్రాన్లు తీయడం కూడా అటువంటిదే. సోడియంలో మొదటి ఎలక్ట్రాన్‌కు 496 కిలోజౌళ్లు, రెండవదానికి 4562. ఒక్క ఎలక్ట్రాన్ మందం మొరం, ఆ కిందంతా రాయి. మెగ్నీషియంలో మొదటిదానికి 738, రెండవదానికి 1451, మూడవదానికి 7733. అంటే రెండు ఎలక్ట్రాన్ల మందం మొరం, మూడవది రాయి. ఆ రాయి ఎందుకంటే, అక్కడి నుంచి తీయవలసిన ఎలక్ట్రాన్ కేంద్రకానికి దగ్గరగా ఉన్న లోపలి కర్పరంలోనిది, దానికీ కేంద్రకానికీ మధ్య అడ్డుతెరగా నిలిచే ఎలక్ట్రాన్లు తక్కువ.

స్ఫటికం ఎంత బలంగా కట్టినా 4562 కిలోజౌళ్ల అప్పు తీరేటంత జమ రాదు, అందుకే సోడియం ఒకటితో ఆగుతుంది. మెగ్నీషియం విషయంలో రెండు ఎలక్ట్రాన్లకు కలిపి 2189 ఖర్చవుతుంది. పైన అక్కయ్య చెప్పిన ఆక్సిజన్ ఖర్చు 603, రెండింటినీ విడి పరమాణువులుగా చేసే ఖర్చు దాదాపు 400 దీనికి కలుస్తాయి. అయినా రెండేసి ఆవేశాలున్న అయానులు కాబట్టి ఆకర్షణ నాలుగింతలు, పైగా వాటి మధ్య దూరం కూడా ఉప్పులో కంటే తక్కువ; మెగ్నీషియం ఆక్సైడ్ జాలక శక్తి సుమారు 3800 దాకా పోయి అప్పంతా తీర్చి ఇంకా 600 మిగులుస్తుంది. బడి ప్రయోగశాలలో మెగ్నీషియం తీగ కళ్లు జిగేలుమనేట్టు మండేది ఈ మిగులుతోనే.

జవాబు: మిర్యాలగూడ, విశ్రాంత ఉపన్యాసకుడు

బోరు పోలిక నేను పాఠం చెప్పే రోజుల్లో తట్టలేదే అని విచారిస్తున్నాను.

పొయ్యి మంట గురించి అడిగిన అబ్బాయికి: లేదు, ఆ పసుపురంగు ఎలక్ట్రాన్ ఊడిపోవడం వల్ల వచ్చేది కాదు. మంట వేడికి సోడియం పరమాణువులోని చివరి ఎలక్ట్రాన్ ఒక మెట్టు పైకి ఎక్కి, వెంటనే కిందికి దిగుతుంది. దిగేటప్పుడు 589 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల పసుపు కాంతిని విడుస్తుంది. ఆ మెట్టు ఎత్తు 2.1 ఎలక్ట్రాన్ వోల్టులు. పూర్తిగా బయటికి రావాలంటే 5.14 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, మనం ఇంతసేపు మోల్‌కు 496 కిలోజౌళ్లు అంటున్నది ఇదే. చేద సగం దాకా లేచి మళ్లీ నీళ్లలో పడినట్టన్న మాట.

జవాబు: నల్లగొండ, నీటి పరీక్షల ఉద్యోగి

మహబూబ్‌నగర్ విద్యార్థిని గారి అంకెలతో నాకు పేచీ లేదు, చివరి వాక్యంతో ఉన్నది. "ఫ్లోరిన్ కంటే క్లోరినే ఎలక్ట్రాన్‌ను బలంగా లాక్కుంటుంది" అన్నది వాయుస్థితిలో ఒంటరిగా ఉన్న పరమాణువులకు మాత్రమే నిజం. ఎవరైనా దానిని అలాగే గుర్తు పెట్టుకుని, ఫ్లోరిన్ కంటే క్లోరిన్ బలమైన ఆక్సీకరణి (చర్యలో ఎలక్ట్రాన్లను లాక్కునేది) అని రాస్తే తప్పవుతుంది.

నీటిలో ఏం జరుగుతుందో లెక్క వేసి చూడండి. ఫ్లోరిన్ అణువులోని బంధం బలహీనమైనది. ఒక పరమాణువును విడదీయడానికి దాదాపు 79 కిలోజౌళ్లు చాలు, క్లోరిన్‌కు 121 కావాలి. ఎలక్ట్రాన్‌ను తీసుకున్నాక ఫ్లోరైడ్ అయాను చిన్నది కాబట్టి నీటి అణువులు దానిని గట్టిగా చుట్టుముట్టి సుమారు 500 కిలోజౌళ్లు విడుదల చేస్తాయి. పెద్దదైన క్లోరైడ్ విషయంలో ఆ విలువ సుమారు 370 మాత్రమే. అన్నీ కలిపితే ఫ్లోరిన్‌కు దాదాపు 750, క్లోరిన్‌కు దాదాపు 600 మిగులుతాయి. ఎఫినిటీలో 21 వెనకబడిన ఫ్లోరిన్, చివరికి 150 ముందుంటుంది. ఇక్కడ కూడా విశ్రాంత ఉపన్యాసకులు గారు చెప్పిన సూత్రమే పనిచేస్తున్నది: తీర్పు ఎలక్ట్రాన్ మార్పిడిలో రాదు, ఆ తరువాత అయాను చుట్టూ చేరేవాటితో వస్తుంది.

ఈ విషయంలో నాకు ఇంత పట్టుదల ఎందుకంటే, ఫ్లోరైడ్ మా జిల్లాను ఎంత బాధ పెట్టిందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. మర్రిగూడ వైపు వంకరపోయిన కాళ్లతో కూర్చున్న పెద్దవాళ్లను చూడని ఇల్లు లేదు. అయినా ఇప్పటికీ చాలామంది ఫ్లోరిన్‌ను, ఫ్లోరైడ్‌ను ఒకటే అనుకుని, నీళ్లు కాచితే అది ఆవిరైపోతుందని నమ్ముతారు. ఫ్లోరిన్ వాయువు వేరు. మన బోరు నీళ్లలో ఉన్నది ఎప్పుడో గ్రానైటు రాళ్ల ఖనిజాలలోనే ఎలక్ట్రాన్‌ను తీసుకుని అయానుగా మారి, నీటిలోకి కరిగి వచ్చిన ఫ్లోరైడ్. కాచితే ఆవిరయ్యేది నీరే. అయాను అడుగునే ఉండి ఇంకా చిక్కబడుతుంది.

మా దగ్గర పరీక్ష చేసేటప్పుడు నమూనాలో బఫర్ ద్రావణం కలిపి, ఫ్లోరైడ్ ఎలక్ట్రోడును ముంచి, మిల్లీవోల్టుల అంకె నిలకడ పడేదాకా ఆగుతాము. ఆ ఎలక్ట్రోడు లెక్కపెట్టేది అయానునే. తాగునీటికి లీటరుకు 1 మిల్లీగ్రామును పరిమితిగా చూస్తాము, వేరే నీటి వనరు లేనిచోట 1.5 వరకు. తొలగించాలన్నా ఎలక్ట్రాన్‌ను వెనక్కి లాగి తొలగించడమన్నది జరగదు. నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించిన, మన ఊరి పేరే పెట్టుకున్న నల్లగొండ పద్ధతిలో కూడా సున్నం, పటిక వేసి, ఏర్పడే తెట్టెకు ఫ్లోరైడ్‌ను అంటించి కిందికి దించడమే చేస్తారు. ఫ్లోరైడ్ నుంచి ఎలక్ట్రాన్‌ను వెనక్కి లాగి ఫ్లోరిన్‌ను విడిగా రాబట్టడం ఎంత కష్టమంటే, అది 1886లో గాని సాధ్యం కాలేదు. నీరు ఏమాత్రం లేకుండా, విద్యుత్తు పంపి సాధించిన ఆన్రీ మ్వాసాఁకు 1906లో నోబెల్ బహుమతి వచ్చింది.

జవాబు: మహబూబ్‌నగర్, ఎమ్మెస్సీ విద్యార్థిని

ఒప్పుకుంటున్నాను సార్. "వాయుస్థితిలో" అన్న మాట మొదటి పేరాలలో అందరం వాడి, చివరి వాక్యంలో నేనే వదిలేశాను. సరిగ్గా ఇదే పొరపాటు లిథియం విషయంలోనూ చేస్తుంటాము: దాని అయనీకరణ శక్తి 520, సోడియం కంటే ఎక్కువ; అయినా నీటి ద్రావణంలో లిథియమే బలమైన క్షయకరణి (ఎలక్ట్రాన్లను ఇచ్చేది), ఎందుకంటే చిన్న లిథియం అయానును నీరు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

తిరిగి ప్రశ్న: దేవరకొండ ట్యూషన్ మాస్టారు

మొదట ప్రశ్న వేసిన అమ్మాయి ఇంతటితో ఊరుకోలేదు. "దూరంగా ఉంటే 147 లోటు, దగ్గరికి వస్తే లాభం అన్నారు. అలాంటప్పుడు మధ్యలో ఎక్కడో ఒకచోట లోటు సరిగ్గా సున్నా కావాలి కదా సార్, అది ఎంత దూరం?" అని అడిగింది. ఈసారి రేపు అని కూడా అనలేదు, రాసుకుంటున్నానని చెప్పాను.

జవాబు: మిర్యాలగూడ, విశ్రాంత ఉపన్యాసకుడు

ఆ దూరం ఉన్నది, లెక్క కూడా చిన్నదే. ఒక్కొక్క ఆవేశం గల రెండు వ్యతిరేక అయానుల మధ్య ఆకర్షణ శక్తిని మోల్‌కు కిలోజౌళ్లలో కావాలంటే, 1389ని వాటి మధ్య దూరంతో, ఆంగ్‌స్ట్రామ్‌లలో (సెంటీమీటరులో పదికోట్లో వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్), భాగించాలి. కూలుంబ్ నియమాన్ని ఈ ప్రమాణాల్లోకి మార్చితే వచ్చే అంకె అది. ఆకర్షణ 147కు సమానం కావాలి కాబట్టి 1389ని 147తో భాగించమనండి: దాదాపు 9.4 ఆంగ్‌స్ట్రామ్‌లు. సోడియం, క్లోరిన్ పరమాణువులు అంతకంటే ఎడంగా ఉన్నంతసేపు ఎలక్ట్రాన్ మార్పిడి నష్టం. ఆ గీత దాటి లోపలికి వచ్చాక లాభం. ఉప్పు స్ఫటికంలో పక్కపక్క అయానుల మధ్య దూరం 2.82 ఆంగ్‌స్ట్రామ్‌లు, అంటే వాటి చివరి చోటుకు మూడింతలకు పైగా దూరంలోనే ఎలక్ట్రాన్ దూకవచ్చు.

మైకేల్ పొలానీ అనే హంగేరీ శాస్త్రవేత్త సోడియం ఆవిరిని హాలోజన్లతో కలిపి చేసిన ప్రయోగాల నుంచి ఈ ఆలోచన పుట్టింది. దీనికి హార్పూన్ అని పేరు: తాడు కట్టిన ఈటెను దూరం నుంచే చేప మీదికి విసిరి, గుచ్చుకున్నాక తాడుతో లాక్కున్నట్టు, లోహ పరమాణువు ముందుగా ఎలక్ట్రాన్‌ను విసిరి, ఆ తరువాత ఆవేశాల ఆకర్షణతో అవతలిదానిని దగ్గరికి లాక్కుంటుంది. అణువుతో చర్య జరిగినప్పుడు అంకెలు మారతాయి గాని, పద్ధతి ఇదే.

ఆ అమ్మాయికి ఇంటిపని కావాలంటే, పొటాషియం అయనీకరణ శక్తి 419, సీజియంది 376 అని ఇచ్చి, క్లోరిన్‌తో వాటి దూరాలు కనుక్కోమనండి. మొదటిది 20 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర, రెండవది 51 దగ్గర వస్తే ఆమె లెక్క సరిగ్గా చేసినట్టే.